గిన్నెలో భూకంపం

తరగతిలో ఫోన్లతోనే పాఠం చెప్పాలన్న ఆదేశం ఎర్మెలిందా టీచరుకు గొంతులో ముల్లయింది. అరెకిపా ఊరి కొండ మీది ఆ బడిలో ఆమె రోజూ పొద్దున్నే పిల్లల ఫోన్లన్నీ మోగకుండా వైబ్రేషన్‌లో ఉంచి, ఓట్స్ జావ కాచే పెద్ద గిన్నెలో పెట్టించి మూత వేసేది. ఆ సోమవారం తనిఖీకి జిల్లా ఆఫీసు నుంచి నేలిదా మేడమ్ వస్తున్నారు. ఫోన్లు వాడని టీచరును పుస్తకాల గదికి పంపేస్తారట. పిల్లలు లేని గది అంటే ఆమెకు బతికుండగానే సమాధి. అయినా మొండితనం చావలేదు. గిన్నెను అద్దాల బీరువాలో దాచి, సుద్దముక్క అందుకుంది.

మేడమ్ గేటు దాటగానే హెడ్మాస్టర్ ఉబాల్దో పిల్లల గ్రూపులో సందేశం పెట్టాడు: "వచ్చేశారు. అందరూ ఫోన్లు తీసి బుద్ధిగా కూర్చోండి."

బీరువా అద్దాలు గడగడలాడాయి. పైనున్న గ్లోబు ఊగింది.

"భూకంపం!" అని ముందు అరిచింది ఎర్మెలిందాయే. తరచూ భూకంపాలొచ్చే ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు కాళ్లు కదిలాకే బుర్ర పనిచేస్తుంది. పిల్లలు పరుగున వెళ్లి భూకంపమొస్తే నిలబడమని ఆవరణలో గీసిన వలయంలో నిలబడ్డారు. వాళ్లను చూసి పక్క తరగతులూ వచ్చాయి. ఉబాల్దో గంట కొట్టించాడు. గంట విన్న కింది బజారు తల్లులు పిల్లలకు ఫోన్లు చేశారు. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశారు.

"బీరువా ఇంకా ఊగుతోంది సార్!" అన్నాడు కిటికీలోంచి తొంగిచూసిన వాచ్‌మన్.

"అయితే ఎవరూ లోపలికెళ్లద్దు!"

కాళ్ల కింద నేల కదలడం లేదేమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

తల్లులు ఏడుస్తూ కొండెక్కారు. మాంసం కూరిన మిరపకాయలమ్మే సతుర్నీనా గరిటెతోనే వచ్చింది. "మా యానినా ఫోనెత్తదేం? బతికుందా?"

"అమ్మా, నీ ఎదురుగానే ఉన్నానుగా!"

నమ్మకం కుదరక ఆమె మళ్లీ ఫోన్ నొక్కింది. కిటికీలోంచి బీరువా గడగడ వినిపించింది. ఆపితే ఆగింది.

ఎర్మెలిందాకు బీరువాలోని గిన్నె గుర్తొచ్చింది.

"టీచరుగారూ, ఫోన్లెక్కడ?" మేడమ్ మెల్లగా అడిగింది.

గిన్నె తెచ్చి వలయం మధ్యలో పెట్టింది ఎర్మెలిందా. "నేనే దాచానండీ." పుస్తకాల గది కళ్లముందు కనబడింది.

"మరి నేల కదలకుండా అద్దాలెందుకూగాయి టీచర్?" అంది యానినా.

పిల్లలు ప్రశ్న అడిగితే ఊరుకోవడం ఆమె వల్ల కాదు. గిన్నె మీదే మూతను వెల్లకిలా పెట్టి అందులో నీళ్లు పోసింది. "అమ్మల్లారా, అందరూ ఒకేసారి ఫోన్ చెయ్యండి."

నీళ్లలో అలలు లేచాయి. ఎక్కడో భూమి లోపల పుట్టిన కుదుపు ఇంటి గోడ దాకా ఎలా నడిచొస్తుందో ఆ అలలు చూపిస్తూ చెప్పింది. తల్లులు కూడా చతికిలబడి విన్నారు. ఇదే తన ఆఖరి పాఠమనుకుంది కాబట్టి ఏమీ దాచుకోలేదు.

ఫోన్లతో ఇంత మంచి పాఠం జిల్లాలోనే చూడలేదనీ, మిగతా టీచర్లకు ఈమే శిక్షణ ఇవ్వాలనీ మేడమ్ అక్కడికక్కడే తేల్చింది.

ఎర్మెలిందా సరేనంది, వచ్చే టీచర్ల ఫోన్లకు ఇంకా పెద్ద గిన్నె కావాలంది.