వెసికిల్‌కి పొల్యూషన్ సర్టిఫికెట్

మీ కాగితం ఒకే ఆఫీసులో పదకొండు బల్లలు తిరుగుతోందా? ఏడవకండి, గర్వపడండి! మీరు బ్యాక్టీరియా కాదని రుజువైపోయింది.

ఇది నా కవిత్వం కాదు, సైన్సు. చెప్పింది భావనపాడు నూకయ్య కూతురు దుర్గాభవాని. తండ్రి సముద్రంలో చేపలకు వల వేస్తాడు. కూతురు యూనివర్సిటీలో కంప్యూటర్ ముందు కూర్చుని జన్యువులకు వేస్తుంది. ఆ యూనివర్సిటీ ఎక్కడని వెతక్కండి, ఈ కాలమ్ కోసం దాన్ని నేనే కట్టించాను.

బ్యాక్టీరియాది ఒంటిగది కాపురం. ఏం కావాలన్నా చేయి చాస్తే అందుతుంది. మన కణం అలా కాదు, గదులూ వసారాలూ ఉన్న మేడ. ఈ గదిలో తయారైన సరుకు ఆ గదికి చేరాలంటే చిన్న సంచిలో మూటకట్టాలి. ఆ సంచి పేరే వెసికిల్. మూట కట్టడానికో ప్రోటీన్, చిరునామా చూడడానికో ప్రోటీన్, చేరాక గుమ్మంలో పట్టుకుని లోపలికి కలుపుకోవడానికో ప్రోటీన్! మొదట్లో ఇవి కొన్నే ఉండేవట. వీటిని తయారుచేసే జన్యువు ఒకటి పొరపాటున రెండయ్యేది. ఆ రెండోది మెల్లగా ఇంకో గుమ్మం చూసుకుని అక్కడ డ్యూటీలో చేరేది. నూరు కోట్ల ఏళ్లకు పైగా జరిగిన నియామకాలండీ ఇవి! ఏ ప్రభుత్వమైనా ఇంత ఓపిగ్గా పోస్టులు సృష్టించిందా?

ఈ సంగతే చెప్పమని 2016 జూలై పద్నాలుగు ఉదయం పదకొండు గంటలకు బెంగళూరు సభలో దుర్గాభవానికి పావుగంట ఇచ్చారు. మూడేళ్ల కష్టానికి పావుగంట. ఆ పిల్లకు అదే పదివేలు. వెళ్లడానికి యూనివర్సిటీ అనుమతి ఒక్కటే తక్కువ. జూన్ ఒకటినే దరఖాస్తు పెట్టింది. విషయం: వెసికిల్ ట్రాఫికింగ్, అంటే ఆ సంచుల రాకపోకలు.

గుమాస్తా గంగరాజు మంచివాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం చదివాడు, జాలిపడ్డాడు, ఎర్ర పెన్నుతో దిద్దాడు.

"సదివీ సదివీ వెహికల్ స్పెల్లింగు మర్సిపోనావేటమ్మా? నాను సరిసేసీసినాన్లే!"

అంతే, కాగితం రవాణా విభాగానికి పోయింది. అక్కడి సూపరింటెండెంటు ధనరాజ్ బండి నంబరు అడిగాడు. లేదంది. కనీసం పొల్యూషన్ సర్టిఫికెట్ ఇమ్మన్నాడు. ఇది కణంలో తిరిగే సంచి సార్, పొగ రాదు అంది. పొగ రాదన్న సంగతే సర్టిఫికెట్‌లో ఉండాలన్నాడు ఆయన. తర్కంలో దోషముందా? లేదు!

దుర్గాభవాని విడమరిచి ఇంకో అర్జీ రాసింది. చూశారా, ఒక ఫైలు రెండయింది! రెండోది మెల్లగా ఇంకో గుమ్మం చూసుకుంది. ట్రాఫికింగ్ అన్న మాట ఉంది కదా, తిన్నగా మహిళా రక్షణ కమిటీకి చేరింది. అధ్యక్షురాలు అరుణశ్రీ మేడం తలుపులు మూయించి, గొంతు తగ్గించి అడిగింది.

"భయపడకు తల్లీ. ఎవర్ని తరలిస్తున్నారు?"

"ప్రోటీన్లని మేడం."

"ఎక్కడికి?"

"గాల్జీకి."

"గాల్జీ అంటే ఒడిశా వైపా?"

అది కణంలోనే ఒక గది అని దుర్గాభవాని చెప్పేలోగా మేడం రాసేసుకుంది. రోజుకు ఎందరని అడిగితే, నిమిషానికే వేలల్లో అని నిజం చెప్పింది పాపం. కమిటీలో ఒకామె కళ్లు తుడుచుకుంది.

ఇంటికెళ్తే నూకయ్య పట్టుకున్నాడు. "ఏటమ్మా, నీ కాయితం ఏటయినాది? తెల్లారి పడవ దిగిన సేప పొద్దెక్కేసరికి టెక్కలి సంతలో ఉంటాది. పక్క గదికెళ్లడానికి నీ కాయితానికి ఏటొచ్చినాది?"

చదువు లేని మనిషి, జీవపరిణామం ఏం తెలుస్తుంది!

రెండు ఫైళ్లూ ఒక్కటైతేగాని సంతకం కాదన్నారు. అవి ఒకదాన్నొకటి వెతుక్కుంటూ నాలుగు వారాలు తిరిగాయి. జూలై పద్నాలుగు ఉదయం పదకొండుకు దుర్గాభవాని ఎక్కడుంది? గంగరాజు బల్ల ముందు, కాలు విరిగిన కుర్చీలో.

"పోనీ, అసలిదేటో సెప్పమ్మా, నోట్‌లో నాను రాస్తాను" అన్నాడాయన, నిజమైన ప్రేమతోనే.

ఆమెకు ఏడుపొచ్చింది. అయినా చెప్పింది. బెంగళూరులో చెప్పాలనుకున్నదంతా, తన టిఫిన్ సంచిని చేత్తో పట్టుకుని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు జరుపుతూ చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, ధనరాజ్ కూడా బండి తాళాలు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు. గంగరాజుకు పూర్తిగా అర్థమైంది.

"అంటే, వొచ్చిన మూటని గుమ్మంలో అందుకోడానికి ఒకడుంటాడన్నమాట."

"అవునండీ."

"ఆడు అందుకోకపోతే?"

"మూటలు గుమ్మంలోనే పేరుకుపోతాయండీ. లోపల ఆకలి మొదలవుతుంది. చివరికి కణం చచ్చిపోతుంది."

గంగరాజు పెన్ను కింద పెట్టాడు. తన బల్ల మీద, కింద, గోడ వారన గుట్టలుగా ఉన్న ఫైళ్లకేసి చూశాడు. ఆ ముఖంలో వెటకారం లేదు, అనుమానమే ఉంది.

"మరి మేవింకా సావనేదేటమ్మా?"

గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. బెంగళూరులో ఆమె పేరు పిలిచి, లేదని తెలుసుకుని, తర్వాతి వాళ్లను పిలిచేసి ఉంటారు. దుర్గాభవాని టిఫిన్ సంచిని గంగరాజు బల్ల దాకా జరిపి, అందుకోమన్నట్టు చూసింది.