నడుము లోతు నీళ్ళు ఎవరివి?

దేశానికి మూడు సైన్యాలు చాలవు! తక్కువలో తక్కువ ఏడెనిమిదైనా ఉండాలి.

నవ్వకండి. నోటికొచ్చింది రాసే మనిషిని కాను నేను. బోర్డులు రాసే పెయింటర్ని. ముప్ఫయ్యేళ్ళపాటు ఈ చేత్తో గీసిన గీత ఒక్కటీ వంకర పోలేదు. ఆ పేరు విని, మొన్న వానాకాలంలో త్రివిధ దళాల ఉమ్మడి కార్యాలయం వాళ్ళు నన్ను పిలిపించి, హాలు గోడ మీద సైనిక వ్యవస్థ పటం వెయ్యమన్నారు. పైన రక్షణ శాఖ, దాని కింద మూడు కొమ్మలు. నేలను కాచే సైన్యానికి పచ్చరంగు, నీటిని కాచే నౌకాదళానికి తెలుపు, ఆకాశాన్ని కాచే వైమానిక దళానికి లేత నీలం. ఎవరి పని ఏమిటో, ఎవరు ఎవరికి సెల్యూట్ కొట్టాలో నాకు తెలిసినంత బాగా తుపాకీ పట్టని మరో మనిషికి తెలియదని సవినయంగా మనవి.

"ఒక్క పనికి మూడు ఆఫీసులెందుకు, మూడు సంతకాలెందుకు?" అని సణిగేవాళ్ళు మీలో ఉండే ఉంటారు. పాపం, మీకు లోకజ్ఞానం తక్కువ. నిచ్చెన మీద నిలబడి నేను కళ్ళారా చూసింది చెబుతాను, వినండి.

ఆ హాల్లో మూడు బల్లలు. బల్లకో ఆఫీసరు, ఆఫీసరుకో ఫోను. వాళ్ళ పేర్లు అడిగేంత చనువు నాకు లేదు కనుక, వేసుకున్న బట్టల రంగును బట్టి పచ్చ సారు, తెల్ల సారు, నీలం సారు అని నాలో నేనే అనుకునేవాణ్ణి. ఎంత మర్యాదస్తులని! ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. పక్క బల్ల మీద ఫోను మోగితే చెవి కూడా పెట్టరు!

మూడు రోజులు ఒకటే వాన. నాలుగో రోజు పొద్దున పదకొండింటికి, నౌకాదళం గడికి రెండో పూత వేస్తుండగా నా జేబులో ఫోను మోగింది. మా అక్క.

అక్క నర్సు. నది సముద్రంలో కలిసేచోట ఓ చిన్న ఆరోగ్య కేంద్రం ఉంది, అందులో పని. మనిషి పిడికెడు, గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత.

"ఒరేయ్ తమ్ముడూ, గట్టు తెగిందిరా! కింది గది మునిగింది. నేనూ, నెలలు నిండిన అమ్మాయీ, వాళ్ళత్తా మేడ మీదికెక్కాం. ఆ పిల్లకు నొప్పులొస్తున్నాయి. బిడ్డ అడ్డంగా ఉంది, ఇక్కడ నావల్ల కాదు. పెద్దాసుపత్రికి చేర్చాలి. నువ్వేదో మిలిటరీ ఆఫీసులో ఉన్నానన్నావుగా, ఎవరికన్నా చెప్పరా!"

గబగబా నిచ్చెన దిగి, ఫోను స్పీకర్లో పెట్టి, మొదట పచ్చ సారు ముందు నిలబడ్డాను.

ఆయన వెంటనే స్పందించారు. సొరుగులోంచి ఇటుకంత లావు నిబంధనల పుస్తకం తీశారు.

"నీళ్ళెంత లోతమ్మా?"

"నడుము దాకా ఉన్నాయండీ."

ఆయన మొహం దిగులుగా పెట్టారు. "అయ్యో! మోకాలి దాకా అయితే నేల కిందే లెక్క, మేమే వచ్చేవాళ్ళం. మోకాలు దాటితే అది జలప్రాంతం. పక్క బల్ల సారును అడగండి."

తెల్ల సారు అప్పటికే పుస్తకం తెరిచి సిద్ధంగా ఉన్నారు. "నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, చప్పగా ఉన్నాయా? ఉప్పనయితే సముద్రం పొంగినట్టు, మాది. చప్పనయితే నది పొంగినట్టు. నది దేశం లోపలిది, అంటే సైన్యానిది."

ఫోనులో మెట్లు దిగిన చప్పుడు, నీళ్ళ చప్పుడు, ఉమ్మిన చప్పుడు వరసగా వినిపించాయి.

"కాస్త ఉప్పగా ఉన్నాయి, కాస్త చప్పగా ఉన్నాయి, ముప్పాతిక వంతు మురుగ్గా ఉన్నాయని చెప్పరా మీ సారుకు!"

"మురుగయితే మునిసిపాలిటీది," అన్నారు తెల్ల సారు, నొచ్చుకుంటూ.

ఇక మిగిలింది నీలం సారు. ఆయన కిటికీలోంచి ఆకాశం వంక చూసి, ఎంతో ఓపిగ్గా విడమరిచి చెప్పారు. "మేడ నేల మీద కట్టింది కదమ్మా. అందుచేత మేడ మీద నిలబడ్డవాళ్ళు నేల మీద ఉన్నట్టే. అక్కణ్ణుంచి ఒక్క అడుగు పైకి లేస్తే చాలు, మా పరిధిలోకి వచ్చేస్తారు."

"ఎగరడం వస్తే మీతో పనేముందయ్యా!" అంది అక్క.

చూశారా సమస్య ఎక్కడుందో? ఆ ముగ్గురిదీ తప్పు కాదు. మన వ్యవస్థలో గడులు చాలకపోవడం తప్పు! నడుము లోతు దళం అని ఒకటి విడిగా ఉంటే ఈ తిప్పలొచ్చేవా? ఉప్పుచప్పని నీళ్ళ దళం, మురుగునీటి దళం, మేడమెట్ల దళం, ప్రతిదానికీ ఒక అధిపతి, ఒక జెండా, ఒక పుస్తకం ఉంటే మా అక్క ఆ నీళ్ళు పుక్కిలించాల్సిన ఖర్మ పట్టేదా?

అయినా ఆ ముగ్గురిదీ రాతి గుండె కాదు. మధ్యాహ్నం రెండున్నరకు ఉమ్మడి సమావేశం పెట్టాలని అక్కడికక్కడే తేల్చేశారు. పచ్చ సారయితే, "మా చెల్లెలు కూడా నర్సేనయ్యా," అంటూ కుర్చీలోంచి లేచారు కూడా. లేచి, పుస్తకం వంక చూసి, మళ్ళీ కూర్చున్నారు.

నేను నిచ్చెన ఎక్కి కుంచె తీసుకున్నాను. నా జన్మలో మొదటిసారి గీత వంకర పోయింది.

మళ్ళీ ఫోను. ఈసారి అక్క గొంతు బాగా చిన్నగా ఉంది. "తమ్ముడూ, నీళ్ళు మెట్లెక్కుతున్నాయిరా. ఆ పిల్ల నా చెయ్యి వదలడం లేదు."

అక్క అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. కుంచె అక్కడే పడేసి వెనక వరండాలోకి పరుగెత్తాను.

వరండాలో ముగ్గురు మనుషులు ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుని తాగుతున్నారు. ఒకడు సైన్యం వంటవాడు, ఒకడు నౌకాదళం మంగలి, ఒకడు వైమానిక దళం లారీ డ్రైవరు. నా పటంలో వీళ్ళకు గడి లేదు. ఎందుకుంటుంది? గరిట, కత్తెర, స్టీరింగు కూడా ఆయుధాలేనా?

నేను ఆయాసపడుతూ సంగతి చెప్పాను.

"ఎక్కడ?" అన్నాడు వంటవాడు. అంతే. లోతు అడగలేదు, రుచి అడగలేదు.

"ముందు తోటలో దిమ్మ మీద షోకి పెట్టిన పడవ ఉంది కదా. ఏటా నేనే తుడుస్తాను, చిల్లు లేదు," అన్నాడు మంగలి. "తెడ్డు వెయ్యడం మా నాన్న దగ్గర నేర్చుకున్నా. చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి."

"లారీ ఖాళీగానే ఉంది," అంటూ డ్రైవరు తాళాలు తీశాడు.

నలుగురం కలిసి పడవను లారీలోకి ఎక్కించాం. గట్టు తెగినచోట దింపాం. మంగలి తెడ్డు వేస్తుంటే, విరిగిన కొమ్మలు పడవకు తగలకుండా నేను కర్రతో తోశాను. ఆరోగ్య కేంద్రం మేడ మెట్లు సగం మునిగాయి. వంటవాడు నీళ్ళలోకి దూకాడు. ఛాతీ దాకా వచ్చాయి.

"మంత్రసాని పనికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి, పదమ్మా," అంటూ ఆ అమ్మాయిని రెండు చేతుల మీదికి తీసుకున్నాడు. పెద్ద పెద్ద గుండిగలు దించే చేతులవి. ఒక్క కుదుపు లేకుండా పడవలో పడుకోబెట్టాడు. వెనకే అక్కా, ఆ పిల్ల అత్తా ఎక్కారు.

"తలకింద ఏదన్నా పెట్టండయ్యా! నెమ్మది! ఒరేయ్ తమ్ముడూ, కర్ర అలాగేనా పట్టుకునేది?" అక్క గొంతు మళ్ళీ మామూలయింది. హమ్మయ్య అనుకున్నాను.

ఒంటిగంటన్నరకల్లా లారీ పెద్దాసుపత్రి గుమ్మంలో ఆగింది. ఆపరేషను చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఇంకో అరగంట ఆలస్యమైతే తల్లో పిల్లో దక్కేవాళ్ళు కాదంది డాక్టరమ్మ. ఆ మాట విన్నాక మంగలి గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. డ్రైవరు లారీ అద్దం తుడిచిందే తుడిచాడు.

అక్కడ ఆఫీసులో రెండున్నరకు ఉమ్మడి సమావేశం దిగ్విజయంగా జరిగింది. నీటి లోతు కొలవడానికి మర్నాడు ఒక బృందాన్ని పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. దళాల మధ్య ఇంత చక్కని సమన్వయం చూపినందుకు నెల తిరక్కుండా ముగ్గురు సార్లకూ ప్రశంసాపత్రాలు వచ్చాయి. వాటి మీద పేర్లు రాసింది నేనే. సార్ల పేర్లు నాకు తెలిసింది అప్పుడే.

మిగతా ముగ్గురికీ ఉత్తి చేతులు చూపారనుకునేరు! వాళ్ళకూ కాగితాలు వచ్చాయి. నేలదళం ఉద్యోగి అయ్యుండి మోకాలి లోతు దాటి నీటిలో దిగినందుకు వంటవాడికి మెమో. నౌకాదళం పడవను అనుమతి లేకుండా నీళ్ళలో తడిపినందుకు మంగలికి మెమో. వైమానిక దళం లారీలో పరాయి దళం వస్తువును మోసినందుకు డ్రైవరుకు మెమో. మూడింటి అడుగునా ఒకే ప్రశ్న: "ఎవరి ఆదేశం మీద వెళ్ళారు?"

ముగ్గురూ వరండాలో కూర్చుని, నా పెన్నే అడిగి తీసుకుని, తలా ఒకే జవాబు రాశారు. "పిలిచారు. వెళ్ళాం."

ఇప్పుడు విచారణ నడుస్తోంది. నేను పౌరుడిగా ఒక్కటే కోరుతున్నాను: వీళ్ళను కఠినంగా శిక్షించాలి! పోనీలే అని వదిలేశారో, రేపు మిగతావాళ్ళకూ ఇదే అలవాటవుతుంది. ఎవరో ఆపదలో ఉండి పిలుస్తారు, వీళ్ళు లేచి వెళ్ళిపోతారు. ఇలాగైతే ఇక దేశ రక్షణ ఏం కాను?