కుదురుకు కోచింగ్

కొండాపూర్‌లోని ఒక గేటెడ్ కమ్యూనిటీ, ఏడో అంతస్తు నివాసి, మూడో తరగతి విద్యార్థి చిరంజీవి హేమంత్ డాక్టరు పరీక్షకు హాజరు కావలసి ఉన్నందున, సదరు పరీక్షకు కోచింగ్ ఇప్పించాలని తల్లిదండ్రులు ఏకగ్రీవంగా తీర్మానించారు.

తప్పేముంది? మనం మాత్రం ఏ పరీక్షకు ఉత్త చేతుల్తో వెళ్లాం?

సంగతేంటంటే, హేమంత్ క్లాసులో కూర్చోడు. టీచరు సగం వాక్యంలో ఉండగానే వాడు కిటికీ దగ్గరుంటాడు. స్కూలువాళ్లు చెప్పగా చెప్పగా మాదాపూర్‌లో పిల్లల మానసిక డాక్టరుకి చూపించారు. ఆవిడ వాడితోనే నెమ్మదిగా అంది: "మూడు వారాల తర్వాత ఒక గంట పరీక్ష చేస్తాను నాన్నా. అవసరమైతే చిన్న మాత్ర ఇస్తా. టీచర్ చెప్పేది చివరిదాకా వినగలుగుతావు."

మాత్ర అనగానే తల్లి ఉమాశ్రీని భయాలు చుట్టుముట్టాయి. వేస్తే పిల్లాడు ఏమైపోతాడో అని ఒక భయం. వేయకపోతే ఏమైపోతాడో అని ఇంకో భయం. కింద పార్కులో ఆడవాళ్లకు తెలిస్తే తామేమైపోతామో అన్నది ఈ రెండిటికీ పెద్దక్క.

"మాత్రేస్తే ఏమైతాది మే? బీపీకి నేను ఏసుకోల్యా?" అంది అత్త ఓబులమ్మ.

"నీది వేరేమ్మా. నువ్వు ఐఐటీకి పోవు కదా," అన్నాడు తండ్రి సందీప్, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా. "మూడు వారాలుంది. ప్రిపేరైతే వాడే క్లియర్ చేస్తాడు."

కూకట్‌పల్లి నుంచి యజ్ఞనారాయణ మాస్టారు వచ్చారు. ఇరవయ్యేళ్లుగా ఎంట్రన్సులు రాయిస్తున్న మనిషి. డాక్టరు ఏమేం అడుగుతుందో చాటుగా వాకబు చేసి పాత ప్రశ్నలు సేకరించారు. మొదటి వారం పది నిమిషాలు కదలకుండా కూర్చోవడం, రెండో వారం అరగంట, మూడో వారం గంట, ఎదురుగా ముట్టుకోకూడని ఏసీ రిమోటు పెట్టి. ఆదివారం గ్రాండ్ టెస్టు. "కాళ్లూపితే నెగెటివ్ మార్కులు నాన్నా," అనేవారు ఆప్యాయంగా.

హేమంత్ చేతులు తొడల కింద పెట్టుకుని, పెదవి కొరుక్కుంటూ కూర్చునేవాడు. ఎవరూ చెప్పకపోయినా ప్రాక్టీసు చేసేవాడు. వీడికింత పట్టుదల ఎక్కణ్నుంచి వచ్చిందా అని ఉమాశ్రీ ఆశ్చర్యపోయి, తన పోలికే అని తేల్చుకుంది.

తల్లిదండ్రులు నింపాల్సిన ఫారంలో, దంపతులు సంప్రదించుకుని, 'మధ్యలో లేచిపోతాడా?' లాంటి ప్రతి ప్రశ్నకూ 'ఎప్పుడూ లేదు' అని టిక్కు పెట్టారు. టీచరు నింపిచ్చిన ఫారాన్ని సిలబస్‌లో లేనిదిగా భావించి ఇంట్లోనే వదిలేశారు.

పరీక్ష రోజు హేమంత్ గంటసేపు గోడకు కొట్టిన మేకులా కూర్చున్నాడు. డాక్టరు కాగితాలు రెండుసార్లు తిరగేసి, "నాకైతే ఏమీ కనిపించట్లేదు. మాత్ర అక్కర్లేదు," అంది. అంతవరకూ ప్రాణంలా దాచిన సంగతిని ఉమాశ్రీ కారెక్కీ ఎక్కకముందే అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టేసింది: 'మావాడు నార్మల్. ఫస్ట్ అటెంప్ట్.'

వెనక సీట్లోంచి హేమంత్ ముందుకు వంగాడు. "అమ్మా, నేను పాసయ్యానా?"

"ఫస్టు క్లాసులో, బంగారూ!"

"మరి మాత్ర ఎప్పుడిస్తారు?"

సందీప్ ఏసీ తగ్గించాడు, ఎందుకో.

"టీచర్ చెప్పేది చివరిదాకా వినొచ్చంది కదా డాక్టరాంటీ. దానికోసమే కదమ్మా అంతసేపు కూర్చున్నా."

ఉమాశ్రీ వెనక్కి తిరగబోయింది. ఇంతలో ఫోను టింగుమంది. ఆగకుండా టింగుమంటూనే ఉంది. అభినందనలు పదకొండు. మాస్టారి నంబరు అడిగినవాళ్లు పద్నాలుగు. వాళ్లలో ముగ్గురి పిల్లలకు ఇంకా నడకే రాలేదు; ఇప్పట్నుంచే మొదలుపెడితే ఫౌండేషన్ గట్టిగా ఉంటుందని వాళ్ల ఉద్దేశం.

పిల్లాడికి తర్వాత చెప్పొచ్చులే అనుకుని, ముందు అందరికీ నంబరు పంపింది.