హాలుకీ వంటింటికీ మధ్య విశ్వం

కాకినాడలో సత్తిరాజు ఇంట్లో విశ్వం ఈ మధ్య మరీ వేగంగా విస్తరిస్తోంది. బయటి గోడలు ఎక్కడివక్కడే ఉన్నాయి, లోపల హాలుకీ వంటింటికీ మధ్య దూరమే రోజురోజుకీ పెరుగుతోంది. ఆ వీధిలో సగం ఇళ్ల సంగతి ఇంతే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సత్తిరాజైతే మురిసిపోయాడు. రెండు పడకగదుల ఇల్లు కొంటే ఏకంగా మైదానం చేతికొచ్చింది మరి! చుట్టాలొస్తే హాల్లో నిలబడి, "అదుగో, ఆ మినుకు మినుకుమంటున్నది మా వంటింటి లైటు" అని చెయ్యి చాపి చూపించేవాడు.

చిక్కల్లా కాఫీతో వచ్చింది. అతని భార్య మంగతాయారు పొగలు కక్కే కాఫీతో బయల్దేరితే, హాలు చేరేసరికి అది చల్లారి మీగడ కట్టేది. ఆవిడ కొన్నాళ్లు ఓపిక పట్టి, తర్వాత ఫ్లాస్కు పట్టుకొచ్చి, చివరికి మానేసింది. సత్తిరాజు హోటలు కాఫీకి అలవాటు పడ్డాడు. మాట్లాడుకోవడానికి ఫోను ఉండనే ఉంది. అది బయట టవరు మీదుగా వెళ్తుంది గనక వెంటనే కలిసేది.

ఒకరోజు అతను వంటింటి వైపు చూసి, ముచ్చటేసి ఫోన్ చేశాడు.

"తాయారూ, ఆ ఎర్రచీర నీకు భలే నప్పిందే!"

"అది ఆకుపచ్చదండీ. పైగా అది కట్టింది మొన్న. ఇవాళ పసుపుది కట్టుకున్నాను."

అతని కళ్లకేం రోగం లేదు. దూరమయ్యేవాటి వెలుగు ఎర్రబడుతుంది, ఆలస్యంగానూ వస్తుంది. సైన్సు పుస్తకాల్లో ఉన్నదే.

విస్తరణ శాఖ నుంచి ఇనస్పెక్టరు అబ్బులు వచ్చి ఇల్లు కొలిచాడు. కొలిచే టేపును ఒక రాత్రి ఆ ఇంట్లోనే ఉంచాలని శాఖ నిబంధన. ఇంటితోపాటు టేపూ సాగింది. తెల్లారి కొలిస్తే పాత కొలతే వచ్చింది. పెరుగుదల శూన్యమని సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు రెండు జట్లుగా వచ్చారు. పాత వెలుగును చూసి లెక్కగట్టిన జట్టు ఒక వేగం చెప్పింది. బల్బు నుంచి బల్బుకి కొలుచుకుంటూ పోయిన జట్టు అంతకన్నా ఎక్కువ చెప్పింది. ఎవరూ తగ్గలేదు. శాఖ ఇద్దరినీ గౌరవించి, ఇంటిపన్నుకు పెద్ద వేగాన్నీ, నష్టపరిహారానికి చిన్న వేగాన్నీ ఖాయం చేసింది.

ఓ శనివారం అబ్బులు నోటీసు పట్టుకొచ్చాడు.

"రేపు పొద్దున్నకి మీ వంటిల్లు కనుచూపు హద్దు దాటేస్తాదండి. దాంతోపాటు పెరటి గుమ్మం, ఆ పక్క సందు కూడానండి. ఇక ఫోనూ కలవదు, మనిషీ రారు. ఇద్దరూ ఒక వైపుకి వచ్చెయ్యాలండి."

సత్తిరాజు కంగారుపడ్డాడు. తాయారు లేకుండా ఎలా? పెళ్లయిన నాటి నుంచీ తలనొప్పి వచ్చినా చెప్పుకునేది ఆవిడకే. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏవండీ, దానికంత కంగారెందుకు?" అంది తాయారు. "వీధిలోకి దిగి, సందు తిరిగి, పెరటి గుమ్మంలోంచి వచ్చెయ్యండి. నాలుగడుగులు."

లోపలినుంచి నడిస్తే జన్మ చాలదు గానీ, బయటినుంచి నిజంగానే నాలుగడుగులు. సత్తిరాజు చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఇంటి యజమానిని పట్టుకుని దొడ్డి గుమ్మంలోంచి రమ్మంటావేంటే? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? నువ్వే వీధి గుమ్మంలోంచి రా."

"పొయ్యి మీద పాలున్నాయండీ."

"పొంగాకే రా. తొందరేముంది?"



"అంటే, మీరు రారన్నమాట."

"వస్తాన్లేవే. ఈ మ్యాచ్ కాస్తా అవ్వనీ."

మ్యాచ్ చివరి బంతి దాకా సాగింది. మనవాళ్లు గెలిచారు. ఆ సంతోషంలో సత్తిరాజు సోఫాలోనే నిద్రపోయాడు. పొద్దున్న ఫోన్ చేస్తే, ఆ నంబరు ఉపయోగంలో లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. పరుగెత్తుకెళ్లి చూస్తే సందు ఉండాల్సిన చోట పక్కింటి గోడ ఉంది. దాన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అబ్బులే వచ్చి ఓదార్చాడు. "ఆయ్, ఊరుకోండి. మనిషి హద్దు దాటినా, ముందే బయల్దేరిన ఆవిడ వెలుగు కనపడతానే ఉంటాదండి. రోజురోజుకీ నెమ్మదిస్తాదంతే."

అది నిజమే. దూరంగా వంటింటి గుమ్మంలో తాయారు చెయ్యెత్తి ఊపుతూ నిలబడి ఉంది. ఆ చెయ్యి రోజుకింత చొప్పున నెమ్మదిస్తూ చివరికి గాలిలో ఆగిపోయింది. రమ్మంటోందో, ఇక వద్దులెమ్మంటోందో తెలియడం లేదు. కొన్నాళ్లు సత్తిరాజుకి అన్నం సహించలేదు. తర్వాత సహించింది. ఇప్పుడతను సోఫాను ఆ వైపు తిప్పి వేసుకున్నాడు. భార్య ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది, దేనికీ ఎదురు చెప్పదు. మనసుకి హాయిగానే ఉంది.

"మేడమ్ గారు కులాసాయేనాండీ?" అని పొరుగువాళ్లు అడుగుతుంటారు.

"ఇంట్లోనే ఉందండీ," అంటాడు సత్తిరాజు. "మా మధ్య మాటామాటా అనుకోవడమన్నదే లేదు."

వీధిలో అన్యోన్యమైన జంటంటే వీళ్లదేనని మెచ్చుకుంటూ, పొరుగువాళ్లు ఎవరి హాల్లోకి వాళ్లు వెళ్లి కూర్చుంటారు.