ఊకగంపలో ఇన్‌స్పెక్టరు చెయ్యి

ఆ ఉదయం రత్తమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. జగ్గయ్యపేట నుంచి ఏడుగంటల బస్సు నందిగామలో ఆగేలోపల రెండు వాయిల ఇడ్లీ దించాలి, అల్లప్పచ్చడి నూరాలి. అంతే. ఎనభై మూడో సంవత్సరం డిసెంబరు. ఆ ఏడు చలి ఎంతటిదంటే, మున్నేట్లో నిలబడ్డ కొంగలు రెండో కాలు దించడమే మానేశాయి. ఇడ్లీపిండి గిన్నెను ఊక నింపిన గంపలో కప్పెట్టి, పొయ్యి పక్కన కూచోబెడితేగాని పొంగేది కాదు.

రెండో వాయి దించి, ఇడ్లీలు చేత్తో తీసి విస్తళ్ళలో వేస్తుంటే, కొత్తగా వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరు జగన్నాథరావు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏవమ్మా, ఆ చేతుల్నిండా క్రిములే! సోమవారంలోగా హోటలు మూసెయ్. లేకపోతే నేనే వచ్చి సీలేస్తా."

మొగుడు పోయాక రత్తమ్మకు పొలమైనా పుట్రయినా ఆ పొయ్యే. అట్లకాడ అందుకుని లేచింది.

"నా చేతులకా క్రిములు? ఇరవై ఏళ్ళుగా ఈ చేతివంట తిన్నవాళ్ళెవరూ మంచం పట్టలేదు. మీరేమో సైకిలు, ఫైళ్ళు, ముక్కు అన్నీ పట్టుకుని వచ్చి నా చెయ్యి మురికంటారా? మూయను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

మూల బల్ల దగ్గర కాలేజీలో సైన్సు చెప్పే ప్రేమదాసు మాస్టారు నాలుగో ఇడ్లీ మీదున్నాడు. ఐదోది కూడా తినాలని ఉన్న మనిషి కాబట్టి మధ్యలో కల్పించుకున్నాడు. "తగువెందుకండీ? చేతుల్నే అడుగుదాం" అని, గబగబా కాలేజీకి వెళ్ళి మూతలున్న గాజుపళ్ళేలు రెండు తెచ్చాడు. వాటిలో అగర్ అట. సముద్రపు నాచుతో చేసింది, జున్నులా గడ్డకట్టి ఉంది. దాని మీద వేళ్ళు అద్ది, మూతపెట్టి రెండ్రోజులు వెచ్చగా ఉంచితే, కంటికి ఆనని క్రిములు కుప్పలుగా పెరిగి చుక్కలై కనిపిస్తాయిట. ఎవరి పళ్ళెంలో చుక్కలెక్కువైతే వాళ్ళు ఓడినట్టు. రత్తమ్మ ఓడితే హోటలు మూత. ఇన్‌స్పెక్టరు ఓడితే సీలు మాటెత్తకూడదు. ఇద్దరూ ఉన్నచేతులు ఉన్నట్టే అద్దారు.

"పళ్ళేలు ఎవరి దగ్గరుండాలి?" అన్నాడు జగన్నాథరావు అనుమానంగా.

"మా చందర్లపాడులో గట్టు తగువొస్తే ఎదుటివాడి కాగితం మన దగ్గర, మనది వాడి దగ్గర పెట్టేవాళ్ళు. మీది నాకివ్వండి, నాది మీరు పట్టుకెళ్ళండి" అంది రత్తమ్మ.

"వెచ్చగా ఉంచండి. మూతలు మాత్రం తీయకండి" అని చెప్పి మాస్టారు పరీక్షల డ్యూటీకి మైలవరం బస్సెక్కాడు.

జగన్నాథరావుకు వెచ్చదనం మీద కంటే తాళం మీద నమ్మకం ఎక్కువ. ఆఫీసులో తాళం పడేది ఒక్కటే, టీకామందుల ఫ్రిజ్. రత్తమ్మ పళ్ళేన్ని అందులో పెట్టి, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నాడు.

ఇక్కడ రత్తమ్మ ఇన్‌స్పెక్టరు పళ్ళెం వంక చూసింది. శత్రువుదే. కానీ ఇంటికొచ్చింది. "పగవాడి చెయ్యైనా చలికి వదిలేస్తామా?" అనుకుని, పిండిగిన్నె తీసేసి, ఊకగంపలో దాన్ని పసిబిడ్డలా పడుకోబెట్టింది.

మూడోరోజు బస్సు దిగినవాళ్ళంతా చూస్తుండగా రెండు పళ్ళేలూ బల్లెక్కాయి. రత్తమ్మది అద్దంలా ఉంది. ఇన్‌స్పెక్టరుదాంట్లో ఐదువేళ్ళ ఆనవాళ్ళతో సహా తెలుపు, పసుపు, ఇటుకరంగు చుక్కలు ముగ్గేసినట్టు ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో ఆ బస్సు వార్తను మోసుకుపోయింది. చిల్లకల్లులో ఆగేసరికి ఇన్‌స్పెక్టరు చేతికి పుట్టగొడుగులు మొలిచాయి. జగ్గయ్యపేట చేరేసరికి వాటిని కోసి కూర వండారు. ఆఫీసులో బంట్రోతు ఫైలును కర్రతో ముందుకు తోశాడు. కరచాలనం చేసేవాళ్ళు రోడ్డుకు అవతలినుంచే దండం పెట్టారు. ఇంట్లో భార్య భారతీదేవి కంచంలో గరిటె వేసి, "కలపకండి, దీంతో తినండి. ఆ చెయ్యి దూరంగా పెట్టండి" అంది.

మర్నాడు మాస్టారు రాగానే జగన్నాథరావు హోటలుకి పరుగెత్తుకొచ్చాడు. "మోసం! నాది ఎక్కడ పెట్టిందో అడగండి!"

మాస్టారు ఇద్దరినీ అడిగాడు. విని, బల్ల పట్టుకుని నవ్వాడు. "చలికి క్రిములు చావవండీ, ముడుచుకు పడుకుంటాయి. వెచ్చదనం తగిలిందా, సంసారాలు పెట్టేస్తాయి. మీ తాళమే ఈమెను కాపాడింది, ఈమె మర్యాద మిమ్మల్ని ముంచింది." తర్వాత గొంతు తగ్గించి, "రత్తమ్మగారూ, గెలిచారుగా. ఇంక ఊరుకోండి" అన్నాడు.

ఊరుకుంటే ఆమె రత్తమ్మెందుకు అవుతుంది?

"గెలుపు ఫ్రిజ్‌దైతే నా చేతికేం పేరు మాస్టారూ? మళ్ళీ అద్దుతాం. రెండూ నా ఊకగంపలోనే, పక్కపక్కన. ఓడితే నేనే తాళమేస్తా."

ఈసారి ఇన్‌స్పెక్టరు సెలవు పెట్టి మరీ గంప పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆకలేసినప్పుడల్లా ఇడ్లీ తిన్నాడు, గరిటెతోనే. రెండ్రోజులయ్యాక మూతలమీంచి చూస్తే ఒకదాన్ని మించి ఒకటి పూసి ఉన్నాయి. మాస్టారు నాలుగుసార్లు లెక్కపెట్టి కళ్ళజోడు తీసేశాడు. "సరిసమానం."

జగన్నాథరావు మొహం వెలిగింది. "చూశావా! నీ చేతినిండా క్రిములే! మూసెయ్!"

"మూస్తా" అంది రత్తమ్మ నడుం మీద చెయ్యేసి. "పదండి, తాళాలు రెండు కొందాం. ఒకటి నా హోటలుకి, ఒకటి మీ ఆఫీసుకి. చేతులు సమానమైనప్పుడు శిక్షా సమానమే కదండీ?"

బస్సు జనం గొల్లున నవ్వారు. ఇన్‌స్పెక్టరు నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఆయన మూయించగలిగింది అదొక్కటే. మాస్టారు ఎవరి మాటా వినకుండా ఇద్దరి చేతులకూ సబ్బు రుద్ది కడిగించి, మళ్ళీ అద్దించి, కొత్తపళ్ళేలు ఊకలో పెట్టాడు. ఈసారి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని చుక్కలే తేలాయి.

రత్తమ్మ ఎవరికీ ఓడలేదుగాని సబ్బుకు ఓడింది. కుళాయి దగ్గర ఒక బిళ్ళ పెట్టి, "చేతులు కడుక్కుని కూర్చోండి" అని బోర్డు రాయించింది. దానికింద చిన్నక్షరాలతో మరో ముక్క: "అధికారులు రెండుసార్లు."