తెన్రి ఇల్లు కదిలిన రోజు

సామాన్లు దించాలి. స్తంభాలకు అడ్డంగా వెదుళ్లు కట్టాలి. ఎనభై మందికి అన్నం, చేపల పులుసు వండించాలి. జుమ్మా నమాజు అవగానే స్తంభాల మీద నిలిచిన అక్క తెన్రి చెక్క ఇంటిని భుజాల మీదికెత్తి, రోడ్డు దాటించి, అవతలి పొలం గట్టున దించాలి. ఇండోనేషియాలో సులవేసి దీవిలోని ఆ బుగిస్ తెగ పల్లెలో శుక్రవారం పొద్దున్నే బెద్దు అనుకున్న పనులివి. ఇల్లున్న స్థలం పినతండ్రి కొడుకుది. మలేషియా పామాయిల్ తోటల్లో పనిచేసే అతను ఆ స్థలంలో ఇటుకల ఇల్లు కట్టిస్తున్నాడు. పునాదులు తవ్వే యంత్రం మర్నాడే వస్తోంది. ఈలోగా కదలకపోతే తెన్రి ఇంటిని పలకలుగా విప్పాల్సిందే. నలభై ఏళ్ల చెక్క, విప్పితే మళ్లీ ఇల్లు కాదు.

బెద్దు గడపగడపకూ వెళ్లి పిలిచాడు. ప్రతి ఇల్లూ "మా నుంచి ఒకరు" అంది. ఇల్లు మోయడానికి మనిషిని పంపని కుటుంబానికి ఆ ఊళ్లో పరువుండదు. లెక్క ఎనభైకి తేలింది.

తీరా వచ్చినవాళ్లు పందొమ్మిది మంది. అందులో సగం మందికి తమను తాము మోసుకురావడమే గగనమైంది. బెద్దుకే ఆ తోటల్లో పదేళ్లు గెలలు మోసి నడుం పడిపోయింది. అందుకే మోసే పని మాని కేకేసే పని తీసుకున్నాడు. మిగతా ఇళ్ల నుంచి ఆడవాళ్లు ఫోన్లు పట్టుకుని వచ్చారు.

"మా ఆయన వచ్చాడు బావగారూ," అంటూ వరసకు మరదలైన సిత్తారా తన ఫోన్ చూపించింది. తెర మీద ఆమె మొగుడు పామాయిల్ చెట్టు కింద నిలబడి సలాం చెప్పాడు.

"మనిషిని పంపమన్నానమ్మా."

"మనిషే కదండీ ఈయన. మాట పోకూడదని పని మానుకుని మరీ నిలబడ్డాడు."

ఫోన్లన్నీ కంచె పొడుగునా నిలబెట్టారు. ఆడవాళ్లే లుంగీలు బిగించి వెదుళ్ల కింద భుజం పెట్టారు. ఇంట్లో మనిషి లేకపోతే ఇల్లు దారి తప్పుతుందని తెన్రి కిందికి దిగనేలేదు.

బెద్దు ఎత్తమన్నాడు. ముందు వరసవాళ్లు ఎత్తారు. ఫోన్లలోని మొగుళ్లూ ఎత్తమన్నారు గానీ, సముద్రం దాటి వచ్చేసరికి ఒక్కొక్కరి కేక ఒక్కో గుక్క ఆలస్యమైంది. ఆడవాళ్లు ఎవరికి వారు తమ మొగుడి మాటకే ఎత్తారు. ఇల్లు ముందుకు వంగి, పక్కకు తిరిగి, రోడ్డెక్కి సరిగ్గా మధ్యలో చతికిలబడింది.

తెన్రి కిటికీలోంచి తొంగిచూసింది. "వచ్చేశామా తమ్ముడూ?"

"ఇంకా లేదక్కా. కాస్త ఊపిరి తీసుకుంటున్నాం."

ఆ ఊపిరి గంటన్నర సాగింది. అటు చేపల వ్యాను, ఇటు మోటారు సైకిళ్లు ఆగిపోయాయి. డబ్బు పంపుతాం, మనుషుల్ని పెట్టి ఎత్తించమని ఫోన్లు సలహా ఇచ్చాయి.

"ఏ మనుషుల్ని?" అన్నాడు బెద్దు.

సిగ్నల్ పోయిందేమోనని సిత్తారా ఫోన్ తట్టి చూసింది.

అప్పుడొచ్చింది రేవుకు పోయే బస్సు. దాన్నిండా చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు, సాయంత్రం ఓడలో అవే తోటలకు పోతున్నారు. ఓడ తప్పిపోతుందని డ్రైవరు గోల. ముప్పై మంది దిగారు. బెద్దు ఒకే ఒక్క కేకకు ఇంటిని పువ్వులా లేపి అవతలి గట్టున పెట్టేశారు. బెద్దు కళ్లు చెమర్చాయి. ఈ నేలకు ఇంత బలం ఉండేదన్న సంగతే అతను మర్చిపోయాడు.

దించేటప్పుడు ఒక స్తంభం ఆ కుర్రాళ్లలో ఒకడి పాదం మీద పడింది. వాడిక ప్రయాణానికి పనికిరాడు. బస్సులో ఒక సీటు ఖాళీ అయింది. కూలీల్ని తోటలకు తీసుకుపోయే మేస్త్రీకి తలల లెక్క సరిపోవాలి. వచ్చిన పందొమ్మిది మందిలో నలభై దాటనివాడు దాల్లే ఒక్కడే, ఊరికి మిగిలిన వడ్రంగీ అతనే. అతని పాస్‌పోర్టు ఏడాదిగా పనిముట్ల సంచిలోనే ఉంది. చొక్కా దులుపుకుని బస్సెక్కాడు.

"ఒరేయ్, మెట్లు బిగించాలి కదరా," అన్నాడు బెద్దు. ఇల్లు ఎత్తేముందు మెట్లు ఊడదీయక తప్పదు.

"దిగగానే ఫోన్ చేస్తా చిన్నాన్నా. ఎలా బిగించాలో చూపిస్తా."

బస్సు వెళ్లిపోయింది. వెదురు నిచ్చెన ఆనిస్తే, మోకాళ్లు వంగని తెన్రి దాన్నోసారి చూసి తలుపేసుకుంది. ఆమె పైనే ఉండిపోయి ఇవాళ్టికి పదో రోజు. ఎదురుగా ఇటుకల ఇంటి పునాదులు లేచాయి, అందులో ఎవరుంటారో మాత్రం ఇంకా తేలలేదు.

ఆ దారిన వెళ్లేవాళ్లు గట్టు మీది చెక్క ఇంట్లో ఉన్న తెన్రిని కాస్త గుర్తుపెట్టుకోండి. చేతిలో సుత్తి ఉంటే మరీ మంచిది.