పుట్టింట మొరాయించని రథము

ఆలకింపుడు! మంచుదుప్పటి ముసుగుపెట్టి గోదావరీ కాలువలు ఇంకను కునుకుతీయు వేళ, కొబ్బరిమట్టలనుండి హిమబిందువులు టపటప రాలి కాపలాకుక్కల ముక్కులను తడుపు వేళ, మార్గశిర ప్రాతఃకాలమున, మండపేట దాపున కాలువగట్టు దిగువనున్న ఒకానొక ఇంటి వాకిట, చిరసేవాధూసరవర్ణవిరాజితమైన డీజిలు కారొకటి గట్టెక్కు వాలుబాటపై తూర్పునకు మొగమెత్తి నిలిచియుండెను. కారు తూర్పునే చూడవలెనని వాస్తు చెప్పు వీరబ్రహ్మంగారు సెలవిచ్చిరి. తూర్పున గట్టున్నది గనుక అది నిత్యము ముక్కు పైకెత్తి, తోక కిందికి దించి శయనించుచుండెను.

దాని యేలిక జగన్నాథరావు వరిచేలకు అధిపతి. యౌవనమున పౌరాణిక నాటకములలో గదబట్టి రంగస్థలపు బల్లలు విరుగదొక్కిన మేటి. నేటికిని కోపము వచ్చినచో ఆయన నోట నాటకభాషయే వెడలును. చలి మొదలైననాటినుండి ఉదయమున ఆ కారు ఒక పట్టాన లేవకుండెను. ముందటి సాయంకాలము బంధుజనమెల్ల వినుచుండగా, "రేపు అన్నవరం వ్రతానికి దీంట్లోనే వెళ్తాం. స్టార్ట్ అవ్వకపోతే అమ్మిపారేస్తాను" అని ఆయన నోరుజారెను. పురిటిబిడ్డయైన కూతురు పావనిని రాజమండ్రి ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చిన కారది. అన్నమాట వెనుకకు తీసుకొనలేక, కారును వదులుకొనలేక పాపమా వీరుడు లోలోపల కుమిలిపోయెను.

భార్య సూర్యకళ వ్రతసామగ్రి బుట్ట ఒడిలో పెట్టుకొని ముందుసీటున ఆసీనురాలయ్యెను. జగన్నాథరావు దైవమును తలచి తాళము తిప్పెను. ఇంజను కిర్రుకిర్రున గిరగిర తిరిగెనే గాని అంటుకొనలేదు. మరల తిప్పెను. మరల అదే కిర్రు.

గట్టుమీద కొత్త కారుతో సిద్ధముగా నిలిచిన బావమరిది గణేష్‌బాబు తొంగిచూచెను. "ఏంటి బావగారూ, మళ్ళీ మొరాయించిందా అండీ? పోన్లెండి, మన బండి ఉందిగా. సన్‌రూఫ్ కూడా ఉందండి."

ఆ పొగమంచులో సన్‌రూఫు మాట వినబడగనే వీరుని మీసము నిక్కబొడుచుకొనెను. ఆయన కారు దిగి, బానెట్టుపై చేయివైచి గర్జించెను: "బావమరదీ, నిలునిలుము! బ్యాటరీ నవయౌవనమున నున్నది. చలివేళ ఇంజనును లోపలినుండి వెచ్చజేయు హీటరు ప్లగ్గులను మొన్ననే సమూలముగ మార్పించితిని. ఇక వైరి ఏ కందరమున దాగెనో వెలికిదీయక ఈ జగన్నాథుడు పరరథమున పాదము మోపునా!"

"అరవకండి, వీధంతా లేస్తుంది" అనెను సూర్యకళ కిటికీలోనుండి. "అయినా పోయిన వారం మా పుట్టింట్లో ఉన్నన్నాళ్ళు ఒక్కపూటన్నా మొరాయించిందా అండీ ఇది? పొద్దున్నే తాళం తిప్పగానే లేచేది."

శత్రువుల శరములు సహించిన ఆ వక్షము ఈ ఒక్కమాటకు తూట్లుపడెను. "ఏమేమీ! మీవారి ముంగిట నిలిచినంతనే ఇనుమునకు సైతము వినయము అబ్బునా!"

"వినయం సంగతి నాకు తెలీదండి. ఉన్నమాట చెప్పాను. అక్కడా చలే, ఇక్కడా చలే."

వీరుడు వాలుబాటను, కారు ముక్కును మార్చిమార్చి చూచెను. అక్కడను చలియే అయినచో, దోషము చలిది కాదు! మరి భేదమెక్కడ? మామగారి వాకిలి వీధికన్న పల్లము. కారు అక్కడ ముక్కు కిందికి వంచి నిలుచును. ఇక్కడ పైకెత్తి నిలుచును. డీజిలు ట్యాంకు తోకవైపున్నది. పైపులోనికి ఎచ్చటనో గాలి చొరబడుచున్నది కాబట్టియే రాత్రియెల్ల డీజిలు వెనుకకు జారి ట్యాంకు చేరుచున్నది!

బానెట్టు తెరచి ఫిల్టరు దగ్గరి చేతిపంపును నొక్కిచూచెను. డీజిలుకు బదులు గాలి నిండి, బూరవలె మెత్తగా, బోలుగా నుండెను. అనుమానము రూఢియయ్యెను. అటుపిమ్మట పైపువెంట వ్రేలు జరుపుచు పోగా, ఫిల్టరులోనికి పైపు చేరుచోట డీజిలు తడి మెరసెను. పైపును బిగించు చిన్న క్లిప్పు అచట వదులై, అమాయకముగా ఊగుచుండెను.

"ఆయుధము!" అని వీరుడు కేకవైచెను.

"స్క్రూడ్రైవరా అండీ? నా డిక్కీలో ఉంది, ఇంకా కవరే విప్పలేదు" అని గణేష్‌బాబు పరుగున తెచ్చి అందించెను. అరచుట్టు, అరచుట్టు మాత్రమే, క్లిప్పు బిగిసెను. పంపు రాయివలె గట్టిపడువరకు నొక్కి, జగన్నాథరావు తాళము తిప్పెను. డుగడుగడుగ! పెరటి అరటిచెట్లు పొగలో మునిగెను, కాకులు చెదిరెను, సూర్యకళ ఒడిలోని కొబ్బరికాయ ఎగిరిపడెను.

"గెలిచారండీ బావగారూ!" అనెను గణేష్‌బాబు.

వీరుడు ఒప్పుకొనలేదు. అసలు పరీక్ష రాత్రి నిలిపినపిదపనే యని ఎరుగును. అన్నవరము వెళ్ళి వచ్చి, కారును కావలెననియే మునుపటివలె ముక్కెత్తి నిలిపెను. మరునాటి మంచులో తాళము ఒక్కమారు తిప్పెను. అది లేచెను.

సూర్యకళ ఫోను చేతబట్టి నవ్వుచు, "మా నాన్నగారికి చెప్పనా అండీ?" అనెను.

జగన్నాథరావు ఎంతయో దీర్ఘమైన సమాసమొకటి ఎత్తుకొనబోయి మానుకొనెను.

"చెప్పు. కనిపెట్టింది నువ్వేనని కూడా చెప్పు."

ఇట్లు అరచుట్టు బిగిసిన క్లిప్పు సాక్షిగా, అమ్మకము తప్పి, అభిమానము నిలిచి, మామగారి పల్లపు వాకిలి దిగ్దిగంతముల జయకేతనమెగురవేసెను. కారు తూర్పునే చూచుచుండెను.